గంటా యాభై నిమిషాలు

మూడో అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో, పదకొండేళ్ళుగా ఆమె చేసే పని ఒకటే. రెండు విమానాశ్రయాల పేర్లు వస్తాయి. వాటి మధ్య తిన్నగా గీత గీస్తే ఎన్ని కిలోమీటర్లో కంప్యూటరు చెబుతుంది. దాన్ని గంటకు ఎనిమిది వందల చొప్పున భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలిపి, 'ప్రయాణ సమయం' అని వెబ్‌సైటులో పెడుతుంది. రోజుకు నలభై జంటలు. ఇంతా చేసి తాను విమానం ఎక్కిన పాపాన పోలేదు.

"మా పెళ్ళిళ్ళ పేరమ్మ! జంటలు కలపడమే గానీ తను మాత్రం పీటలెక్కదు" అని పక్క సీటాయన ఏడిపిస్తే, ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ రోజు పొద్దున పదింటికి బావ ఫోను చేశాడు. అక్క ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరి నెలైంది. ఈ పూట గడవడం కష్టమన్నారట డాక్టర్లు. బావ ఫోను అక్క చెవి దగ్గర పెట్టాడు.

"ఎంతసేపట్లో వస్తావే?" అంది అక్క. ఆ రెండు ముక్కలకే ఆయాసపడింది.

పేరమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. తన ఊరూ అక్క ఊరూ కలిసిన జంట ఆమె ఎప్పుడో చేసినదే. "గంటా యాభై నిమిషాలక్కా."

"అయితే మత్తు సూది ఇప్పుడే వద్దంటా. నిన్ను చూశాకే."

చేతిసంచితో టాక్సీ ఎక్కి, మొదటి సిగ్నల్ దగ్గర ఆగాక గానీ ఆమెకు తట్టలేదు. తన లెక్కలో రోడ్డు లేదు. వరసలో నిలబడడమూ లేదు. దొరికే విమానం ఒంటిగంటది. నిజం చెబుదామని ఫోను తీసింది. చెబితే అక్క ఆశ వదిలేస్తుందేమోనని భయం వేసింది. మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఆ తరవాత భయం కూడా పోయింది. ఏమీ అనిపించలేదు. నిలబడమన్నచోట నిలబడింది, కూర్చోమన్నచోట కూర్చుంది. బెల్టు పెట్టుకోవడం రాకపోతే పక్కావిడ పెట్టింది. విమానం గంటా నలభై ఆరు నిమిషాల్లో దిగింది. లెక్క సరిగ్గానే ఉందనుకుంది, అంత మొద్దుబారిపోయింది బుర్ర.

ఆసుపత్రి చేరేసరికి నాలుగూ పది. అక్క ముఖం మీదికి దుప్పటి కప్పి ఉంది. బావ కుర్చీలోంచి లేవలేదు.

"మూడింటికి పోయిందమ్మా. నిద్రలోనే."

"నొప్పి..."

"పన్నెండున్నర దాకా పళ్ళబిగువున భరించింది. నర్సు సూది తెచ్చినప్పుడల్లా, మా చెల్లి దారిలో ఉంది, ఇంకాసేపు ఆగమంది." బావ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆఖరికి గడియారం చూసి, 'దాని లెక్క తప్పదండీ. ఇంకా రాలేదంటే బయల్దేరలేదన్నమాట. ఇక వెయ్యమనండి' అంది."

పేరమ్మకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది. దుప్పటి కొంచెం తీసి, అక్క చెవి దగ్గరికి వంగింది.

"పదింటికే బయల్దేరానక్కా" అంది.