నల్ల కంబళ్ల స్టాలు

బెళుగుప్ప పక్క పల్లెలో మారెప్ప నేసిన కంబళి అంటే గొర్రెల కాపర్లు బేరమాడకుండా కొనేవాళ్లు. ఉన్ని వడికేది అతని పెండ్లాం నల్లమ్మ. చింతగింజల గంజి పట్టించి ఎండకు ఆరేసేదీ ఆమే. ఏండ్ల తరబడి వానల్లేక గొర్రెలు కటికోళ్లకు పోయినాయి. కాపర్లు కూలికి పోయినారు. కంబళ్లు అటక మీద మిగిలిపోయినాయి.

ఆ ఏడు అనంతపురంలో చేతిపనుల సంత పెట్టినారు. మహిళా సంఘం లీడరు సుబ్బరత్నమ్మ, ఊర్లో పెద్దింటి కోడలు, నల్లమ్మకు ఒక స్టాలు ఇప్పించింది.

మారెప్ప మోసుకొచ్చిన కంబళ్లను నల్లమ్మ మొదట దొంతరగా పేర్చింది. దూరం పోయి చూస్తే బొగ్గుల మూటల మాదిరి ఉన్నాయి. అన్నీ దించేసి ఎండలో పరిచింది. అప్పుడు తెలిసింది, ఒక్కోదాని నలుపు ఒక్కో తీరు. ఒకటి బూడిద, ఒకటి కుంకుడుకాయ, ఒకటి కాటుక. లేతవి ముందుకు, ముదురువి వెనక్కి వచ్చేటట్లు వెదుర్లకు వాలుగా కట్టి, ఎర్ర అంచులన్నీ ఒకే వరసకు తెచ్చింది. కింద ఎర్రమట్టితో అలికి ముగ్గేసింది. పక్కన జొన్నకంకుల కట్ట నిలబెట్టింది. ఎదురు స్టాలామె వచ్చి, "ఇది కంబళేనా తల్లీ? ఎంత బాగుండాదో!" అని చెంపకు ఆనించుకుంది. ఎన్నాళ్లకో మారెప్ప నవ్వినాడు.

మధ్యాహ్నం సుబ్బరత్నమ్మ వ్యానులో దిగింది. బెంగుళూరు నుంచి తెప్పించిన మిషను రగ్గులు, పులిబొమ్మలవీ గులాబీలవీ, దించించింది.

"జనమంతా ఈడనే ఆగుతాండారు నల్లమ్మా. సాయంత్రం బహుమతులిచ్చే పెద్దోళ్లు కూడా ఈడికే వస్తారంట. అలంకారం ఇట్లే ఉండనీ. నీ కంబళ్లు తీసి పరదా ఎనక పెట్టి, ఆ జాగాలో ఈ రగ్గులు కట్టు."

"చేత్తో నేసినవని బోర్డు రాసినారు కదక్కా?"

"బోర్డు చదివి కొంటారా ఎవరన్నా? స్టాలు నీకు ఇప్పించిందెవరు?"

మారెప్ప కంబళ్లు విప్పి మూట గట్టినాడు. "పోదాం పా" అన్నాడు. నల్లమ్మ కదల్లేదు. వాళ్లు తాగేది సుబ్బరత్నమ్మ ఇంటి బోరు నీళ్లే. ఎండాకాలం పని చెప్పేదీ ఆ ఇంటోళ్లే. అతను ఒక్కడే బస్టాండుకు పోయినాడు.

"నువ్వే సర్దు, నీ చెయ్యి మంచిది" అనింది సుబ్బరత్నమ్మ.

చెడగొట్టాలనే అనుకుంది నల్లమ్మ. ఒక రగ్గును కావాలనే వంకరగా కట్టింది. కాసేపు చూసింది. ఆ వంకర కంట్లో నలుసు మాదిరి గుచ్చుకుంటాంటే, తనను తాను తిట్టుకుంటా విప్పి సరిగ్గా కట్టింది.

సాయంత్రం పెద్దోళ్లొచ్చినారు. స్టాలు ముందు కూర్చోని ఉన్ని వడికే కదురు తిప్పమంటే నల్లమ్మ తిప్పింది. "మా ఊరి చేతిపని సార్" అని సుబ్బరత్నమ్మ పులిబొమ్మ చూపించింది. మొదటి బహుమతి ఆ స్టాలుకే వచ్చింది. షీల్డు సుబ్బరత్నమ్మ అందుకుంటాంటే నల్లమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

మారెప్ప ఆ వారంలోనే మగ్గం గుంట పూడ్చేసినాడు.

తర్వాత ఏ సంత జరిగినా నల్లమ్మకు కబురొచ్చేది. కూలికి పోయి ప్లాస్టిక్ పూలు, మిషను చీరలు, ఏవి ఇస్తే అవి అందంగా పెట్టి వచ్చేది. ఒకసారి ఎవరో చదువుకున్న పిల్ల, "ఏం చేస్తావు అవ్వా నువ్వు?" అని అడిగింది.

"అంగడి సర్దుతానమ్మా" అనింది నల్లమ్మ. "ఎవరి సరుకైనా."