జంతికల గొట్టంలో నూడుల్స్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. అప్పుడే ఇంటర్ పాసై, మా దీవిలోని గరాచర్మ ఊళ్లో మా తెలుగు చర్చి సండే స్కూల్ పిల్లలకు దీదీనయ్యాను. క్రిస్మస్ నక్షత్రాలు చేయడానికి వస్తే నూడుల్స్ పెడతానని వాళ్లకు మాటిచ్చాను. తీరా ఆ రోజుకి, సముద్రం బాగోక షిప్ రాలేదు, దుకాణాల్లో ఒక్క ప్యాకెట్టూ లేదు. "మనమే చేసుకుందాం" అనేశాను.

"కైసే చేస్తారు దీదీ?" అంది ముందుపళ్లు ఊడిన చిట్టి, మా దీవి పిల్లలందరిలా హిందీ కలిపేసి. "మైదా గట్టిగా కలిపి, పల్చగా ఒత్తి, దారాల్లా కోస్తారు. ఆవిరి మీద ఉడికించి, నూనెలో వేయించి ఆరబెడతారు. అందుకే మనింట్లో చిటికెలో ఉడుకుతాయి" అన్నాను. (టీవీలో చూసిందే. చూడటం వరకే.) ఆవిరీ నూనే ఫ్యాక్టరీవాళ్ల హంగామా, మనకెందుకని కొట్టిపారేశాను. పాస్టరమ్మగారి జంతికల గొట్టం తెచ్చాను. గట్టి పిండికి అది తిరగనంది. నీళ్లు పోశాను. ఇంకాస్త పోశాను. అప్పుడు పోగులు భలేగా దిగాయి! వాటిని చర్చి హాల్లో తాడు మీద వేస్తే, బయట వాన, లోపల తేమ, ఎంతకీ ఆరవే! "భూఖ్ వేస్తోంది దీదీ" అని చిట్టి ఏడుపు మొదలెట్టేసరికి, నీళ్లు మరిగేదాకా ఆగకుండా అన్నీ గిన్నెలో పడేశాను.

పాస్టరమ్మగారు వచ్చి గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది. "ఓలమ్మ! ఇదేటే పిల్లా, పోస్టర్లకి రాసే జిగురు సేసినావా?" అన్నారు. పిల్లలు నవ్వి ఉంటే బాగుండేది. ఖాళీ ప్లేట్లు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. నేను హార్మోనియం వెనక్కి చేరి, తల ఎత్తలేదు. ఆవిడే గబగబా ఉప్మా చేసి వాళ్ల కడుపు నింపారు. నాకూ ఓ ప్లేటు అక్కడికే తెచ్చి, "తిను, తినేసి ఆ జిగురట్టుకొని రా" అన్నారు.

ఆ ఏడు సముద్రపు గాలికి కూడా మా నక్షత్రాలు ఊడలేదు. ఇప్పుడు సండే స్కూల్ చిట్టిదే. డిసెంబర్ రాగానే ఫోన్ చేస్తుంది: "దీదీ, నూడుల్స్ చేయడానికి వస్తారా?" సిగ్గుపడుతూనే వెళ్తాను, మైదాలో ధారాళంగా నీళ్లు పోస్తాను. ఆనాటి నేను, ఆ అన్నీ తెలిసిన అమ్మాయి, ఎదురుపడితే నాలుగు చీవాట్లు పెట్టాలనుకుంటాను. కానీ పాపం, ముందు ఉప్మానే పెడతాను.