పై మెట్టు నుంచి దిగిన సారు

సైన్సు సారు పోయిన సంగతి నాకు పాలతను చెప్పాడు. "తాతా, మీ చేపల సారు పొద్దుగాల పోయిండట" అని చెంబులో పాలు పోసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి మంట ఆరిపోయేదాకా నేను దాని ముందే కూర్చున్నాను. సంతాపసభలో సారును జ్ఞానజ్యోతి అన్నారు. అన్నవాళ్లలో ఆయన పాఠం విన్నవాడు ఒక్కడూ లేడు. విన్నవాణ్ని నేనున్నాను గానీ, మైకు దొరికితే తొందరగా వదలనని పేరు పడ్డవాణ్ని. ఇవ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను బడికి పోయి చదువుకోలేదు. ఇబ్రహీంపట్నంలో బడి ఎదురుగా పాన్‌డబ్బా పెట్టుకుని చదువుకున్నాను. నిజాం కాలం, బడిలో చదువంతా ఉర్దూలోనే. నాకు మాత్రం సారు పాన్ నములుతూ తెలుగులో చెప్పేవాడు. ప్రాణమున్న ప్రతిదానికీ ఏడు మెట్లున్నాయట: రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. పై మెట్టు మీద లోకంలోని జంతువులన్నీ ఒక్కచోటే ఉంటాయి. అట్టడుగు మెట్టు మీద ఒక్క రకమే మిగులుతుంది.

"జంతువు అన్నవనుకో, ఏం తెలిసింది? కదులుతది, తింటది. గంతే. కిందికి దిగినకొద్దీ దాని అసలు సంగతి తెలుస్తది. నడుమ మెట్టు దుంకొద్దు" అనేవాడు.

"మా మేనమామ గూడ కదులుతడు, తింటడు. ఆయనకు కింద మెట్లు లేవు సారూ" అన్నాను ఒకసారి.

సారు నవ్వలేదు. "ఉంటయి. నువ్వు దిగలే" అన్నాడు.

చెరువు నుంచి చేపలు రాగానే బుట్ట ముందు గొంతుకూర్చునేవాడు. ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసేవాడు, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టేవాడు. "సారూ, కొంటవా, గోత్రం అడుగుతున్నవా?" అనేది చేపలమ్మే అక్క. పాములా ఉండే మలుగు వలలో పడితే జనం రాళ్లు తీసేవాళ్లు. ఆయన దాన్ని చేత్తో పట్టి, "తోలు చూసి పాము అనకున్రి. మొప్పలు చూడున్రి, చేప ఇది" అనేవాడు.

వెనక సీసా పట్టుకుని నిలబడేది బడి చప్రాసీ ఖాజా. "సార్, గిది పాఠానికా, కూరకా? మూత పెట్టాల్నా, ఉప్పు పెట్టాల్నా, జర ముందే చెప్పున్రి" అనేవాడు. చేపల సీసాలన్నీ బడి వెనక గదిలో ఉండేవి. దాని తాళం చెవి ఖాజా మొలతాడుకు ఉండేది.

రజాకార్లు వచ్చాక ఖాజాను పరేడుకు రమ్మన్నారు. రాకపోతే ఏమవుతుందో కూడా చెప్పారు. ఖాకీ అంగీ తొడిగి డబ్బా దగ్గరికొచ్చి, "ఎట్లున్న అన్నా? అంగీ నాది కాదు, భయం నాదే" అన్నాడు. కమ్యూనిస్టులకు అన్నం పెట్టారని ఒకరోజు రజాకార్లు చేపలవాడ మీద పడబోయారు. ఖాజా అక్కడి మగవాళ్లందరినీ ముందే సీసాల గదిలోకి తోసి, తాళం వేసి, గడప ముందు బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. తమ అంగీయే ఒంటి మీద ఉన్నవాణ్ని వాళ్లు అనుమానించలేదు.

పోలీసు చర్య వచ్చింది. మిలిట్రీ దిగింది. అంగీ తొడిగిన వాళ్లందరినీ ఏరుకుపోయారు, ఖాజాను కూడా. విడిపించుకొద్దామని మేము క్యాంపుకు పోయాం. అధికారి హిందీ మనిషి. ఉర్దూ వచ్చిన సారును ఒక్కణ్నే లోపలికి రానిచ్చారు. మేము తీగ కంచె ఇవతలే ఉండిపోయాం. చేపలవాడ పెద్దమనిషి కంచెలోంచి సారు చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, నీ కాల్మొక్త, పాఠం చెప్పకు. పోంగనే తాళం ముచ్చట చెప్పు. మమ్ముల బతికిచ్చిండని చెప్పు."

"చెప్త. అన్నీ వరుసగా చెప్త" అన్నాడు సారు.

కంచె ఇవతల మాకు వినపడేలా ఉర్దూలో వరుసగానే మొదలుపెట్టాడు. ఖాజా ఏ మతంవాడో, ఏ ఊరివాడో, ఏం కొలువో. ఆ తర్వాత, "ఇతడు ఖాకీ అంగీ తొడిగిన మాట నిజమే. అయితే పైతోలు చూసి రకం తేల్చకూడదు. మా చెరువులో మలుగని ఒక చేప ఉంది..."

వరుసలో నిలబెట్టిన ఖాజా అక్కడి నుంచే అరిచాడు. "సార్! పాఠం బంద్ చెయ్యున్రి సార్! తాళం!"

అధికారి చెయ్యెత్తాడు. "తొడిగాడు, అంతేగా?"

"తొడిగాడు. కానీ..."

"చాలు."

సారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అధికారి వీపుకు మలుగు మొప్పల సంగతి చెబుతున్నాడు. ఖాజాను ఎక్కించిన లారీ కదిలాక గానీ ఆయన తాళం దాకా దిగలేదు.

ఆ రోజుల్లో ఎవరికీ రెండో మెట్టు దిగే తీరిక లేదు. అంతకుముందు వచ్చినవాళ్లు చేపలవాడను పై మెట్టు మీదే తేల్చేశారు, వీళ్లు ఖాజాను తేల్చేశారు. అది నాకు అర్థమవుతుంది. ఏడు మెట్లూ తెలిసిన మనిషి ఒక్కసారి, ఒక్క ప్రాణం కోసం, అట్టడుగు నుంచి మొదలుపెట్టి ఉండకూడదా? చూడటం నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఈ ప్రశ్న మాత్రం నాలో చల్లారలేదు.

తర్వాత ఎన్నోసార్లు క్యాంపుకు పోయాడు సారు. లోపలికి రానివ్వలేదు. ఖాజా జైలు నుంచి తిరిగొచ్చేసరికి తల్లి లేదు, నౌకరీ లేదు, ఒక చెవి వినపడదు. నా డబ్బా ముందే ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నేను అబద్ధం చెప్పలే ఖాజా" అన్నాడు సారు.

"అవ్ సార్. అన్నీ నిజాలే చెప్పిన్రు. నన్ను ఇడిపిచ్చే నిజం అడుగున పెట్టిన్రు."

అదే ఆఖరి మాట. ఖాజా రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. రిటైరయ్యేదాకా సారు రోజూ దాని ముందు నుంచే బడికి నడిచాడు, రోజూ "ఖాజా, మంచిగున్నవా?" అని అడిగాడు. వినపడని చెవి రోడ్డు వైపుండేలా ఖాజా కూర్చునేవాడు.

మొన్న పాడె అటే పోయింది. బజారంతా దుకాణాలు సగం మూశారు, ఖాజా మూయలేదు. లేచి కూడా నిలబడలేదు. తల వంచుకుని ఎవరిదో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. డప్పులు దగ్గరికొచ్చాయి, దాటిపోయాయి. పంపు ఆగలేదు.

"చాలు తాతా, ట్యూబు పలుగుతది" అంటున్నాడు సైకిలు కుర్రాడు. "తాతా, చాలు."

ఖాజా కొడుతూనే ఉన్నాడు.