మెట్ల లైటు

ఆ ఎలక్ట్రీషియన్ తన పనికి ఎవరైనా వంక పెడితే ఊరుకునే రకం కాదు. భార్య పోయిన దగ్గర్నుంచి అతని ఇంట్లోనే మెట్ల లైటు కింది స్విచ్ నొక్కితే వెలగడం లేదు. పాతది అమ్మిన కొట్టువాణ్ణి తిట్టుకుంటూ కొత్త స్విచ్ తెచ్చి, వైర్లు ఎక్కడివక్కడే బిగించాడు. అయినా వెలగలేదు.

అప్పుడు చూశాడు. మధ్య స్క్రూకి రావలసిన వైరు పక్క స్క్రూకి ఉంది. పదహారేళ్ల కిందట బిగించింది తనే. అలా ఉంటే, పై స్విచ్ వేసి ఉంచితే తప్ప కింది స్విచ్ పనిచెయ్యదు. రోజూ పడుకోబోతూ పై స్విచ్ ఆర్పేదీ తనే.

"మరి ఇన్నాళ్లూ నేను వచ్చి నొక్కితే ఎలా వెలిగింది?" అన్నాడు కూతురితో.

"సాయంత్రం కాగానే అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, పైది వేసి, దిగొచ్చి కిందిది ఆర్పి ఉంచేది నాన్నా. నీకు చెబుదామంటే, 'మీ నాన్న ఇల్లు పీకి పందిరేస్తాడు, నేనే ఎక్కుతాలే' అనేది."