పైడమ్మ ఎవరి దగ్గరుండాలి

అప్పలకొండ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ పేటలో ఇడ్లీలు అమ్ముకుని బతికే వితంతువు. చెల్లెలు పురిటి జ్వరంతో పోయినప్పుడు, ఆ చెల్లెలి మొగుడు గోవిందరావు ఇరవై రోజుల పసికందును ఆమె ఒళ్లో పెట్టి, రైల్వే ఉద్యోగంలో బదిలీ మీద చక్రధర్‌పూర్ వెళ్లిపోయాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత పండగలకి. ఆ తర్వాత అదీ లేదు.

1963లో కొత్త భార్య చిలకమ్మతో ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి తిరిగొచ్చాడు. నిమ్‌పురాలో క్వార్టరు దొరకగానే అప్పలకొండ ఇంటికి వచ్చాడు. ఏడేళ్ల పైడమ్మ తలుపు తీసి, "అమ్మా, ఎవులో వచ్చినారు" అని లోపలికి కేకేసింది.

"వదినా, నా పిల్లని నాకిచ్చీ" అన్నాడతను.

ఆమె ఇవ్వనంది. అతను మేదినీపూర్ జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టాడు.

తండ్రి బతికుండగా పెద్దమ్మకు పిల్లను ఇప్పించడం తేలిక కాదన్నాడు ఆమె ప్లీడరు. అతను తాగుతాడనీ, కొడతాడనీ చెప్పమన్నాడు.

"బీడీ కూడా ముట్టడు బాబూ. అలగెలా సెప్పీసేది?"

కోర్టులో జడ్జి ఆ మాటే అడిగాడు: అతనిలో ఏం లోపం ఉంది? అప్పలకొండ వచ్చీరాని బెంగాలీలో తెలుగు కలిపి చెప్పింది.

"ఏ లోపమూ నేదు బాబూ. మంచోడే. కానీ అతగాడెవుడో పిల్లకి తెల్దు. జొరమొస్తే అది నన్నే పిలుస్తాది."

ప్లీడరు తల పట్టుకున్నాడు.

జడ్జి పైడమ్మను తన గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. తండ్రి హక్కు చిన్నదేమీ కాదనీ, పిల్ల క్షేమం దానికంటే పెద్దదనీ తీర్పు రాశాడు. పిల్ల పెద్దమ్మ దగ్గరే ఉండాలి. ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లాలి. పరిస్థితులు మారితే అతను మళ్లీ అడగవచ్చు.

ఆ చివరి మాట అప్పలకొండను వదల్లేదు. పిల్ల తండ్రికి అలవాటైతే, మారిన పరిస్థితి అదే కదా! అయినా మొదటి ఆదివారం పైడమ్మ వెళ్లనని మొండికేస్తే, తనే చెయ్యి పట్టుకుని నిమ్‌పురా నడిపించుకెళ్లింది. చిలకమ్మ పీట వేసింది. ఏడాది పాటు ప్రతి ఆదివారం అప్పలకొండ ఆ వసారాలోనే కూర్చుంది.

ఒక వారం పైడమ్మ అంది: "నువ్వెల్లిపో అమ్మా. నాను సాయంత్రం వచ్చీతాను."

అప్పలకొండ ఒక్కతే ఇంటికి నడిచింది. దారిలో రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది.

గోవిందరావు మళ్లీ కోర్టు మెట్లెక్కలేదు. ఆ సాయంత్రం పిల్లను సైకిలు మీద దింపి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు.

"వదినా, టీ ఏటైనా ఉందా?"


ఆమె పొయ్యి మీద నీళ్లు పెట్టింది.