గుగ్గిలం మీసం

మొన్న నేను మీసంతోటి వనపర్తి పోయొచ్చిన! నవ్వకుండ్రి, ముందు వినుండ్రి. నేను అచ్చమైన ఆడపిల్లనే, డిగ్రీ సెకండియర్ మంజులనే. గని ఆ పొద్దు బస్సుల ఒకాయన తమ్మీ అన్నడు, స్టేజీ కాడ ఇంకొకాయన బాబూ అన్నడు. దీనికంతటికి కారణం లైబ్రరీ... కాదు కాదు, పాపం లైబ్రరీని ఏమనొద్దు. కారణం నా కాన్ఫిడెన్సు!

మాది గద్వాలల ఆడపిల్లల కాలేజీ. మాకు ఒక డ్రామా క్లబ్ ఉంది. ఉంది అంటే, కొన ఊపిరితోటి ఉంది. పోయినేడు పోటీలకు పోయినప్పుడు తండ్రి వేషం కట్టిన పిల్లకు కాటుకతోటి మీసం గీసినం. లైట్ల ఉడుకుకు చెమటలు, చెమటలకు కాటుక... తండ్రి సచ్చిపోయే సీన్ వచ్చేటాల్లకు మీసం గదుమ దాంక కారింది. బిడ్డ మీద పడి ఏడుస్తుంటే హాలంత పడి పడి నవ్వుడు! వాపస్ వచ్చేటప్పుడు మా సుజాత మేడం బస్సుల మొఖానికి కొంగు కప్పుకొని కూసుంది.

క్లబ్ చూసుకునేది ఆ మేడమే. ఈ ఏడు పోటీలు వనపర్తిల అని తెల్వంగనే నన్ను పిలిచింది.

"మంజులా, ఈసారి గూడ నవ్వులపాలైతే క్లబ్ బంద్ అంటున్నరు. ఫోన్ల చూసి పనులు చెయ్యకుండ్రి. లైబ్రరీకి పోండ్రి. నాటకాల మీద పుస్తకాలు ఉంటయి, ఎతుకుండ్రి."

"మేడం, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. నేనున్న గదా!"

"నువ్వున్నవనే నా ఫికర్" అన్నది మేడం.

నేనూ, నా దోస్తు రిజ్వానా లైబ్రరీకి పోయినం. లోపలికి పోతే సూది పడితే ఇనొస్తది. అందరూ నౌకరి పరీక్షలకు తలకాయలు వంచి చదువుతున్నరు. లైబ్రేరియన్ సారు మమ్మల్ని చూసి, అడగకముందే గ్రూప్స్ పుస్తకాల దిక్కు చెయ్యి చూపెట్టిండు.

"అవి కాదు సార్. డ్రామా పుస్తకాలు గావాలె. దర్శకత్వం మీద ఏమన్న ఉన్నదా?"

ఆయన పోయి ఒక పుస్తకం తెచ్చిండు. చూస్తే ఏందది? పుణ్యక్షేత్రాల దర్శనం! ఏ గుడికి ఎన్ని గంటలకు పోవాలె, యాడ దిగాలె, అన్నీ ఉన్నయి.

"సార్, దర్శనం కాదు, దర్శకత్వం!"

"అట్లనా? జర మెల్లగ మాట్లాడమ్మా" అని ఇంకొకటి తెచ్చిండు. నేను మేకప్ గూడ అన్నందుకు అది పెండ్లికూతురి అలంకరణ. రిజ్వానా మూతికి చున్నీ అడ్డం పెట్టుకొని ఊగుతుంది. నేను ఊకుంటనా? "సార్, నన్నే ఎతకనీయుండ్రి" అన్న. పాపం ఆయన గూడ తలకాయ ఊపి, బీరువాల తాళపుచేతులు నా చేతిల పెట్టిండు.

ఒక్కొక్క బీరువా తీసిన. తుమ్ములే తుమ్ములు! నాటకాలు కవిత్వం ఎనక ఉన్నయి, సినిమా పుస్తకాలు ఆటలపోటీల పుస్తకాల నడుమ ఇరుక్కున్నయి. గని ఉన్నయి! స్టేజీ మీద ఎట్ల నిలవడాలె, ఎనక బెంచీ దాంక గొంతు ఎట్ల పంపాలె, లైటు ఏ దిక్కు నుంచి పడాలె, అన్నిటికీ పుస్తకం ఉంది. ఎవరూ అడగక అవి గట్లనే పడి ఉన్నయి, అంతే. ఆఖరికి అట్ట ఊడిపోయిన సన్న పుస్తకం ఒకటి దొరికింది. రంగస్థల వేషధారణ. గడ్డాలు, జడలు, ముడతలు, మీసాలు! మీసం అతికించేది బొమ్మలతోటి సహా ఉంది. సంబరంతోటి గట్టిగ ఎగిరిన. హాలంత తలకాయలెత్తి చూసింది.

రిజ్వానా పేజీలు తిరగేసి, "ఏయ్ మంజూ, ఆఖరి పేజీలు చెదలు తిన్నయే. మీసం తీసేది ఇందుల లేదు" అన్నది.

"పెట్టుడు వస్తే తీసుడు రాదా?" అన్న నేను.

గా మాట నేనే అన్న. రాసిపెట్టుకోండ్రి.

మా నాటకం మేమే రాసుకున్నం. బోర్లన్నీ ఎండిపోయి ఎడ్లను అమ్ముకునే ముసలి రైతు కథ. రైతును నేను, మనుమరాలు రిజ్వానా. మీసం కోసం మా ఇంట్ల పాత గొంగడి అంచు కత్తిరించుకొచ్చిన. నల్లది తెల్లది కలిసిన ఉన్ని, ముసలాయనకు అచ్చం సరిపోయింది. జిగురు ఎట్ల చెయ్యాలెనో పుస్తకంల ఉంది. పూజ సామాన్ల దుకాణంల దొరికే గుగ్గిలం పొడి చేసి మందుల దుకాణం స్పిరిట్‌ల కరగబెట్టాలె. ఒక్క చెంచ గుగ్గిలం అన్నది పుస్తకం. నేను మూడేసిన. మరి పుస్తకం రాసినాయన మా గద్వాల ఎండ చూసిండా?

పోటీకి ముందురోజు సాయంత్రం హాస్టల్ల పెట్టుకొని చూసిన. అద్దంల చూసుకుంటే ఏముంది! మా తాతనే వచ్చి నిలవడ్డట్టు ఉంది. చెమటకు ఆగుతదా లేదా అని గ్రౌండ్ చుట్టు ఉరికిన. నీళ్లు చల్లుకున్న. తుమ్మిన. కదల్లే!

"చూసినవా? మీసమంటే గిట్లుండాలె!"

"మస్తుంది. ఇగ తియ్యి" అన్నది రిజ్వానా.

తీస్తె వస్తెనా? సబ్బు పెట్టిన, పోలే. షాంపూ పెట్టిన, నున్నగ మెరిసింది. ఉడుకు నీళ్ల ఆవిరి పట్టిన, జిగురు ఇంకింత గట్టిపడ్డట్టయింది. రిజ్వానా ఒక కొస పట్టి గుంజితే మీసంతోటి పాటు నా పానం గూడ వచ్చెటట్టయింది. స్పిరిట్ ఉంటే పోయేదేమో, సీసా మొత్తం జిగురుకే అయిపోయింది. హాస్టల్ గేటు ఏసిండ్రు. రిజ్వానాకు ఏడుపొక్కటే తక్కువ.

నేను మాత్రం పరేషాన్ కాలే. "ఏయ్, రేపు ఎట్లాగూ పెట్టుకోవాల్సిందే గదా! ఉండనీ. టైం కలిసొచ్చింది" అన్న.

పొద్దుగాల ఫస్ట్ బస్సుకే ఎక్కినం. మేడమూ, మిగతా పిల్లలూ ముందు సీట్లల్ల, మేమిద్దరం ఆఖరి సీట్ల. ఎండకు కట్టుకున్నట్టు నేను మొఖానికి చున్నీ సుట్టుకున్న. ఎవరికి తెలుస్తదనుకున్న! ఆడోళ్లకు ఫ్రీ టికెట్ గదా, ఎర్రవల్లి దాటినంక కండక్టర్ ఆధార్ అడిగిండు. ఇచ్చిన.

"చున్నీ తియ్యమ్మా, మొఖం చూడాలె."

"నేనే సార్" అన్న. గొంతు చూడుండ్రి, వారం సంది ముసలాయన లెక్క మాట్లాడి మాట్లాడి బొంగురు పోయింది. ఆయనకు అనుమానం వచ్చింది. "తియ్యి, తియ్యి" అన్నడు. తీసిన.

కండక్టర్ రెండడుగులు ఎనకకు పోయిండు.

"వార్నీ! ఫ్రీ టికెట్ కోసం చున్నీ కట్టుకున్నవా తమ్మీ?"

బస్సంత తిరిగింది. "సార్, నేను ఆడపిల్లనే, ఇది నాటకం మీసం" అంటే, "నాటకమని నాకు ఎర్కనే" అంటడు! రిజ్వానాను సాక్ష్యం చెప్పమంటే అది సీట్ల కిందికి జారి నవ్వుతనే ఉంది. అప్పుడే బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కింది. అందరూ ఆంజనేయస్వామికి చేతులు జోడిస్తున్నరు.

"స్వామి ఎదురుగ ఉన్నడు తమ్మీ. గిప్పుడన్న నిజం చెప్పు."

"స్వామి సాక్షిగ ఆడపిల్లనే సార్!" అన్న, గదే బొంగురు గొంతుతోటి. ఎనక సీటు పెద్దమనిషొకాయన చెంపలేసుకున్నడు. మేడం ఉరికొచ్చి చెప్తే అప్పుడు నమ్మిండు. నమ్మిండు గని, దిగేదాంక నన్ను ఓరకంటితోటి చూస్తనే ఉన్నడు.

వనపర్తిల మా నాటకం మధ్యాహ్నం పడింది. ఇప్పటిదాంక నవ్విండ్రు గదా, ఇది మాత్రం జర వినుండ్రి. స్టేజీ మీద లైట్ల ఉడుకు, మెడ మీద చెమట ధార కడుతుంది, మీసం మాత్రం ఎంటిక వాసి కదల్లే. ఎడ్లను కొన్నాయన తోలుకపోతుంటే, ముసలాయన ఖాళీ పలుపుతాడు చేతిల పట్టుకొని నిలవడే సీన్. పుస్తకంల చదివినట్టే, తొందర పడలే. గట్లనే నిలవడ్డ. హాల్ల ఒక్క నవ్వు లేదు. ముందు వరుసల ఒక పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. తెర పడినంక చప్పట్లు ఆగలే. మేడం నా చెయ్యి పట్టుకుంది, ఇడ్వలే. గా నిమిషం కోసం ఇంకో పది మీసాలైనా పెట్టుకుంట!

కిందికి దిగంగనే లొల్లి. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చిన ఒక టీమ్ సారు జడ్జి కాడ నిలవడ్డడు. "ఆడపిల్లల కాలేజీ అన్నరు. మరి ఆ ముసలాయన వేషం కట్టిన పిల్లగాడెవరు? బయటోన్ని తెచ్చిండ్రు. ఈ టీమ్‌ను తీసెయ్యాలె!"

జడ్జి ఆ కండ్లద్దాల పెద్దాయననే. ఎన్నో ఏండ్ల సంది నాటకాలాడినాయనంట. నన్ను పిలిచి, "బాబూ, మస్తు చేసినవ్. గని రూల్ రూలే గదా" అన్నడు.

"నేను బాబును కాదు సార్, మంజులను."

"అయితే ఏముంది, మీసం తియ్యమ్మా. అయిపాయె!"

అందరూ నన్నే చూస్తున్నరు. నేను పట్టుకొని గుంజిన. రాలే. నవ్వుకుంట ఇంకోసారి గుంజిన. కండ్లల్ల నీళ్లొచ్చినయి, మీసం రాలే.

"చూసిండ్రా సార్? అది సొంత మీసమే!" అన్నడు ఆ టీమ్ సారు.

జడ్జి దగ్గరికొచ్చి రెండు వేళ్లతోటి కొస పట్టి, ఒక్కటే గుంజుడు గుంజిండు. "ఓయమ్మో!" అని ఒక కేక పెట్టిన చూడుండ్రి... అంతవరకు దాక్కున్న నా అసలు గొంతు గప్పుడు బయటపడింది! సన్నగ, కీచుగ, బయట చెట్టు మీది కాకులు లేచిపోయినయి. జడ్జి చెవులు మూసుకొని, "ఆడపిల్లనే, ఆడపిల్లనే! అనుమానం లేదు!" అన్నడు. ఆ టీమ్ సారు గూడ నవ్విండు పాపం.

ఆఖరికి మీసం ఎట్ల పోయిందనుకుంటున్నరు? క్యాంటీన్ల మిర్చీలు ఏంచి చల్లారిన నూనె ఉంటే, క్యాంటీన్ అక్క దూదితోటి అద్దింది. జర సేపు రుద్దితే మెల్లగ జారి వచ్చింది. గొంగడి ముక్క అక్క చేతిల, మిర్చి మంట నా మూతి మీద! సాయంత్రం ప్రైజ్ ఇచ్చేటప్పుడు ఉత్తమ నటుడు అని నా పేరు పిలిచిండ్రు. ముక్కు కింద ఎర్రగ మీసమంత జాగ మండుతుంటే, మిర్చీల వాసనతోటి పోయి షీల్డు తీసుకున్న. క్లబ్ బంద్ మాట ఇగ ఎవరూ ఎత్తరు.

వాపస్ బస్సుల నా పక్కకు ఒక అవ్వ కూసుంది. నా మూతి చూసి, "ఏమైంది బిడ్డా, గంత ఎర్రగైంది?" అన్నది. కథంత చెప్పే ఓపిక నాకు లేదు.

"చాయ్ ఉడుకుండె అవ్వా, తెల్వక తాగిన" అన్న. ఉత్తమ నటుడి షీల్డు ఒళ్లనే ఉంది.

అవ్వ నమ్మలే. ఇంకింత దగ్గరికి జరిగి, మెల్లగ చెవుల అన్నది:

"సిగ్గు పడకు బిడ్డా. మా కోడలు గూడ పార్లర్‌ల గిట్లనే పీకిపిచ్చుకుంటది. గని నీకు బాగ మందంగుండె గావొచ్చు!"