దేవేంద్రన్ పడుగుకు పోయిన మనిషి

జెసింతకు యాభై ఎనిమిదేళ్లు. తమిళనాడులోని గుడియాత్తంలో, మగ్గాల వీధిలో నూలు కండెలు చుట్టి బతుకుతుంది. తెలుగు నేతగాళ్ల మధ్య ఒకే ఒక్క క్రైస్తవ ఇల్లు ఆమెది. పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి, చర్చిలో తమిళంలో ప్రార్థించినా, ఒళ్లు నొప్పులొస్తే మూలిగేది తెలుగులోనే.

ఆ వీధిలో ఎవరి మగ్గం వారిదే గాని, పడుగు పని మాత్రం అందరిదీ. తెల్లవారుతుండగా పడుగును, అంటే బట్టకు నిలువునా వచ్చే పోగులను, వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వాలి. ఎనిమిది మందైనా కావాలి. అందుకే ఈరోజు ఒకరి పడుగుకు, రేపు ఇంకొకరి పడుగుకు అందరూ వస్తారు.

దేవేంద్రన్ పడుగుకు మాత్రం ఏడాదిగా వీధిలో ఎవరూ పోవడం లేదు. నూలిచ్చే యజమాని నాసి నూలిచ్చి, పోగులు తెగితే నేతగాళ్లనే తప్పుపడుతున్నాడని కిందటేడు వీధంతా మగ్గాలు ఆపింది. తొమ్మిదో రోజున దేవేంద్రన్ ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. పన్నెండో రోజుకు సమ్మె చెదిరిపోయింది. నాసి నూలు అలాగే వస్తోంది. దేవేంద్రన్‌కు కొన్నాళ్లు నాట్రంపల్లి చుట్టాలు సాయం వచ్చారు. తర్వాత వాళ్లూ మానుకున్నారు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో ఒక ఆదివారం, పూజ అయ్యాక ఫాదర్ సంఘీభావం గురించి చెప్పాడు. జాలి కాసేపుండి పోతుందనీ, అందరి బాగుకూ అందరమూ పూచీ అనుకుని, విసుగొచ్చినా నిలబడటమే అసలైనదనీ అన్నాడు. జెసింత సగం నిద్రలో వింది. మంగళవారం తెల్లవారుజామున దేవేంద్రన్ పడుగు దగ్గరికి పోయింది.

దేవేంద్రన్ తలెత్తలేదు. అతని భార్య దేవకి మాత్రం బెదిరిపోయింది. "ఎందుకొస్తివక్కా? వీధి నిన్ను గూడా వెలేస్తాది."

"సుమ్మా ఉండు, బెదరొద్దు. కుంచె ఇట్లియ్యి."

కాసేపటికి దేవకి నడుం పట్టుకుని గోడకు ఆనుకుంది. "సమ్మెప్పుడు నాకు వేలూరులో ఆపరేషన్ అయిందక్కా. మందులకు దుడ్డు కావాలని మా ఆయన యజమాని దగ్గరికి పోతే, మగ్గమెక్కితేనే ఇస్తానన్నాడంట. ఎవురికీ చెప్పొద్దన్నాడు మా ఆయన."

 జెసింత ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

మర్నాడు కొళాయి దగ్గర రాజాంబాళ్ నిలదీసింది. సమ్మెలో అందరికంటే గట్టిగా నిలబడింది ఆమే. "ద్రోహి పడుగుకు పోతావా?"

"తప్పు చేసినాడమ్మా, లేదనలా. పన్నెండు దినాలు కలిసి నిలబడినామంటాం గదా. ఆ దినాల్లో దేవకి యాడ పోయిందని ఒక్కరమన్నా అడిగినామా? ఆస్పత్రిలో ఉండిందంట. పక్కింట్లో ఉండి నేనూ అడగలా."

రాజాంబాళ్ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

తర్వాత రెండు పడుగులకూ జెసింత ఒక్కతే పోయింది. ముగ్గురితో ఏమవుతుంది? సగం దువ్వేసరికి మిగతా సగం ఎండి పోగులు పటపటా తెగేవి. వాటిని అతికేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆమె మోకాళ్లు వాచాయి. చుట్టాల్సిన కండెలు ఇంట్లో పేరుకుపోయాయి. నాలుగోసారి లేవబుద్ధి కాలేదు. ఎవరికోసం ఈ చాకిరీ, ఆ మనిషి ఒక్క మంచి మాటైనా అనలేదే అనుకుంది. మనసులో దయ లేదు, భక్తీ లేదు. ఉన్నదల్లా అలసటే. అయినా లేచి పోయింది.

ఐదోసారి, గంజి పట్టిస్తుండగా రాజాంబాళ్ వచ్చింది. చెంగు బొడ్లో దోపుకుని పడుగు రెండో కొస పట్టుకుంది. "నేనేం వాడి కోసం రాలా. నూలు పాడైపోతా ఉండాది, చూడలేకపోతి," అంది ఎవరి వైపూ చూడకుండా. నలుగురైనా ఆ పడుగూ పూర్తిగా దక్కలేదు. వీధి పెద్ద ఆదిమూలం తన ఇంటి గడపలో నిలబడి కాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

వారం తర్వాత రాజాంబాళ్ పడుగు. ఏడుగురు వచ్చారు. మసక వెలుతురులో దేవేంద్రన్ కుంచె పట్టుకుని వచ్చి, అందరికీ దూరంగా చివర నిలబడ్డాడు. రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. ఆ చివరనే ఉన్న ఆదిమూలం కొంచెంసేపు ఆగి, ఒక అడుగు పక్కకు జరిగాడు. దేవేంద్రన్ ఆ ఖాళీలోకి వచ్చి వంగాడు.

"చేతులాడించండప్పా, ఎండొస్తా ఉండాది," అంది జెసింత. ఆమె నడుం అప్పటికే పట్టేసింది. దువ్వాల్సిన పడుగు ఇంకా ముప్పాతిక భాగం మిగిలే ఉంది.